తెగిన పోగు ముందు ఎక్కడ అతకాలి?

2024 ఆగస్టు 10వ తేదీ, శనివారం రాత్రి పదకొండు దాటినాక హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాంలో 19వ నంబరు గేటు చైను తెగింది. గేటు నీళ్లలో కొట్టుకుపోయింది. తెల్లారేసరికి మన కాలనీలో కొళాయి కాడ, టీ అంగడి కాడ, గుడి అరుగు మీద అదే మాట. ఆ వారం ఎట్ల గడిచిందో మీకు చెప్పాల్సిన పని లేదు. డ్యాం నిండింది గదా అని నాట్లు వేసుకున్నోళ్లు, ఆ నాట్లకు కూలికి పోయేవాళ్లు, కాలువ నీళ్లు తాగే బళ్లారి ఊరు, జీన్స్ ఉతికే యూనిట్లలో పని చేసే మన పిల్లలు, అందరం ఒక్క చైను తెగినందుకు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాము.

పత్రిక వాళ్లు నన్ను మిల్లు పాత సంగతులు ఏమన్నా రాయమన్నారు. నేను రాసేది మిల్లు సంగతే. డ్యాం కాడ ఎందుకు మొదలు పెట్టినానంటే, ముప్పై నాలుగేండ్లు రింగ్ ఫ్రేం కాడ నేను చేసిన పనీ, ఆ డ్యాం మీద ఆ వారంలో జరిగిన పనీ ఒకే జాతివి అని నాకు అనిపించింది. ఒకదానికొకటి ముడిపడిన పెద్ద ఏర్పాటు ఒకటి పడిపోతే దాన్ని మళ్లీ లేపేది ఎట్ల? ఏది ముందు, ఏది వెనక? నేను చదివింది ఐదో తరగతి. అందుకని నాకు చేతనైన కాడ నుంచే చెప్తాను.

రింగ్ ఫ్రేం అంటే తెలియని పిల్లలు ఇప్పుడు మన ఇండ్లలోనే ఉన్నారు, వాళ్ల కోసం రెండు మాటలు. మా ఫ్రేంకి 440 కదుర్లు, పక్కకు 220. పైన సింప్లెక్స్ బాబిన్ల నుంచి లావు పోగు దిగుతుంది, రోలర్ల మధ్య సాగి సన్నబడుతుంది, కింద కదురు తిరిగి పురి పెట్టి చుట్టుకుంటుంది. సైడర్ పని ఏమంటే, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తా ఉండాలి, తెగిన పోగు కనపడితే అతకాలి. ఎనిమిది గంటల షిఫ్టులో ఎన్ని మైళ్లు నడిచినామో లెక్క పెట్టినోళ్లు లేరు, మన మోకాళ్లకే తెలుసు.

కొత్తగా చేరిన పిల్లోడు కండ్ల ముందర తెగినదాన్ని ముందు అతుకుతాడు. అది తప్పు. మా మేస్త్రీ మొదటి వారమే చెప్పినాడు: "ముందు రోలరు చూడరా, కదురు తర్వాత చూద్దువు." ఎందుకంటే తెగిన పోగు ఊరికే వేలాడదు. పీల్చే గొట్టంలోకి పోతే సరి. పోకుంటే రోలరుకు చుట్టుకుంటుంది, చుట్టుకున్న పత్తి లావై పక్క పోగుకు పట్టు లేకుండా చేస్తుంది, అదీ తెగుతుంది. ఇంకొక్కోసారి తెగిన కొస గాలికి కొట్టుకుని పక్కదాని మీద పడి దాన్నీ లాగుతుంది. ఒకటి తెగితే నిమిషంలో నాలుగు, నాలుగు తెగితే పది. కాబట్టి పది తెగి ఉన్నప్పుడు సైడర్ వెతకాల్సింది దగ్గరిదాన్ని కాదు, పక్కవాటిని తెంపుతున్నదాన్ని. దాన్ని కొక్కెంతో కోసి శుభ్రం చేస్తే తక్కినవి ఒకటొకటి అతుక్కుంటా పోవచ్చు. దాన్ని వదిలేసి తక్కిన తొమ్మిదీ అతికినా మళ్లీ తెగుతాయి.

ఇంక కరెంటు పోయి వచ్చినప్పుడు చూడాలి మిల్లు. ఫ్రేం నెమ్మదిగా ఆగేటప్పుడు పోగు వదులై మెలికలు పడుతుంది. కరెంటు రాగానే ఎవరికి వాళ్లు స్విచ్చి వేసినారంటే అయిపోయినట్టే. మోటారు నిలబడి ఉన్న కాడ నుంచి లేచేటప్పుడు మామూలుగా తీసుకునే దానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అన్ని మోటార్లు ఒక్కసారి లాగితే మెయిన్ మళ్లీ పడిపోతుంది. అందుకని మా ఎలక్ట్రీషియన్ గంట కొట్టేదాకా ఎవరూ స్విచ్చి ముట్టుకోకూడదని రూలు. మొదట లైట్లు. తర్వాత కంప్రెసర్. తర్వాత హ్యుమిడిఫికేషన్ ఫ్యాన్లు, ఎందుకంటే బళ్లారి ఎండకు ఖాతా ఎండిపోయి ఉంటుంది, పొడి గాలిలో నూలు పెళుసెక్కి ఊరికే తెగుతుంది. గాలిలో తేమ చేరినాకనే ఫ్రేములు, అవీ ఒక్కొక్క వరస. కొత్త మేనేజరు ఎవరన్నా వస్తే ఆ అరగంట చూసి ఓర్చుకోలేడు. ఉత్పత్తి పోతా ఉంది అని అరుస్తాడు. అన్నీ ఒకేసారి వేయించిన రోజు ఆ షిఫ్టు అంతా పోతుంది, అది వాళ్లకు ఒకసారి జరిగితే గానీ అర్థం కాదు.

మా ఎలక్ట్రీషియన్ చేసిన ఈ పనినే దేశం మొత్తానికి చేయాల్సి వచ్చిన రోజులు రెండు ఉన్నాయి. 2012 జూలై 30, 31. సోమవారం తెల్లవారుజామున రెండున్నర గంటలప్పుడు ఉత్తర భారతం గ్రిడ్ మొత్తం పడిపోయింది. కష్టపడి సాయంత్రానికి లేపినారు. మరుసటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ పడింది, ఈసారి ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ. 60 కోట్ల మందికి పైన కరెంటు లేకుండా పోయింది. ఢిల్లీ మెట్రో ఆగింది, రైళ్లు దోవలో నిలిచిపోయినాయి. పశ్చిమ బెంగాల్ బొగ్గు గనుల్లో సుమారు రెండు వందల మంది కార్మికులు లిఫ్టు నడవక లోపలే ఉండిపోయినారు, ఆ తర్వాత క్షేమంగా బయటికి వచ్చినారు. అది టీవీలో చూసినప్పుడు నేను అన్నం ముందర నుంచి లేచినాను. మనం కూడా షిఫ్టు మనుషులమే గదా.

ఎందుకు పడింది? ఎక్కడా టవరు కూలలేదు, తీగ తెగలేదు. మధ్యప్రదేశ్‌లో బినా నుంచి గ్వాలియర్‌కు పోయే 400 కిలోవోల్టుల లైను మీద భారం ఎక్కువైంది. దాన్ని కాపాడడానికి పెట్టిన రిలే ఆ భారాన్ని చూసి షార్టు అయిందనుకుని లైను తెంపేసింది. ఆ కరెంటు పక్క లైన్ల మీద పడింది, అవి ఒకదాని వెనక ఒకటి తెగినాయి. పోగు కొస పక్క పోగును కొట్టినట్టే. కేంద్ర విద్యుత్ సంస్థ అధ్యక్షుడు ఎ.ఎస్. బక్షి కమిటీ విచారణ చేసి, అప్పటికే కొన్ని లైన్లు మరమ్మతుకు ఆపి ఉండడం, కొన్ని రాష్ట్రాలు తమ వాటాకు మించి లాక్కోవడం కూడా కారణాలని చెప్పింది.

నాకు పడిపోయిన కథ కంటే లేపిన కథ మీద ఆసక్తి. ఇందులో ఒక తిరకాసు ఉంది. బళ్లారి నుంచి హొసపేట దోవలో కుడితిని కాడ థర్మల్ స్టేషను మీరందరూ చూసినారు, 1700 మెగావాట్లది. అంత కరెంటు పుట్టించేది చీకట్లో తనంతట తాను లేవలేదు! బొగ్గు పొడి చేసే మిల్లులు తిరగాలి, పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరగాలి, బాయిలరుకు నీళ్లు తోసే పంపులు నడవాలి. అన్నింటికీ కరెంటే కావాల. ఇట్లాంటి స్టేషన్లు పుట్టించిన దానిలో నూటికి ఆరేడు వంతులు తమ కడుపుకే తింటాయి. అంటే కరెంటు ఉంటేనే కరెంటు. గ్రిడ్ మొత్తం చచ్చిపోతే దేశంలోని పెద్ద పెద్ద స్టేషన్లన్నీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటా కూర్చుంటాయి.

అప్పుడు లేవగలిగింది నీళ్ల కరెంటు. జలవిద్యుత్ కేంద్రంలో గేటు తెరిస్తే నీళ్లు వాటి బరువుకే టర్బైను తిప్పుతాయి. గేటు తెరవడానికి ఒక చిన్న డీజిల్ జనరేటరో, బ్యాటరీలో చాలు. మన తుంగభద్ర డ్యాం కింద, హంపి కాడ ఉన్న బోర్డు పవర్ హౌసులు రెండూ కలిపి 72 మెగావాట్లే. కుడితిని పక్కన అది పిల్ల. కానీ గ్రిడ్ చచ్చిన రోజు కాళ్ల మీద లేచి నిలబడగలిగింది ఆ జాతిదే. ఆ చిన్న కరెంటును ఒక్క లైను మీద థర్మల్ స్టేషను దాకా పంపి ఫ్యాన్లు, పంపులు తిప్పుతారు. ఒక యూనిట్ లేస్తుంది. అది లేచినాక దానికి కొంచెం పని ఇవ్వాలి, అంటే కొన్ని ఊర్లకు లైను కలపాలి. ఎక్కువ ఊర్లు కలిపితే కుంగి పడిపోతుంది, తక్కువ కలిపితే పని లేక పరుగెత్తి పడిపోతుంది. సెకనుకు 50 సార్లు అని మన దేశంలో కరెంటుకు ఒక తాళం ఉంది. ప్రతి అడుగులో ఆ తాళం తప్పకుండా ఇంత పుట్టించు, ఇంత వాడు అని పెంచుకుంటా పోవాలి. అట్లా అక్కడొకటి ఇక్కడొకటి దీవులు లేస్తాయి. రెండు దీవులను కలిపేటప్పుడు రెండింటి తాళం, వోల్టేజి, అల ఎక్కే దిగే సమయం ఒక్కటిగా ఉండాలి. నడిచే బండికి రెండో ఎద్దును కట్టినట్టు, అడుగు కలవకపోతే కాడి విరుగుతుంది.

2012 లో కొన్ని దీవులు అసలు ఆరలేదు. నరోరా అణు కేంద్రం, ఒడిశాలో నాల్కో, బొకారో ఉక్కు ఫ్యాక్టరీ, ఇట్లాంటివి గ్రిడ్ నుంచి విడిపోయి తమ కాళ్ల మీద నిలబడినాయి. పడకుండా మిగిలిన గ్రిడ్ల నుంచి కూడా కరెంటు అందించినారు. ఆ పొద్దు మన దక్షిణాది పడలేదు. ఎందుకంటే అప్పటికి మనం వాళ్లతో డి.సి. లైన్లతో మాత్రమే కలిసి ఉన్నాము. విశాఖపట్నం గాజువాకలో అట్లాంటి కేంద్రం ఒకటి ఉంది, అది అటు కరెంటును ఇటు పంపుతుంది గానీ అటు తాళాన్ని ఇటు కలవనీయదు. 2013 డిసెంబరు 31న మన పక్క రాయచూరు నుంచి సోలాపూరుకు 765 కిలోవోల్టుల లైను వేసి దక్షిణాదిని కూడా దేశం గ్రిడ్‌లో కలిపేసినారు. అప్పటి నుంచి దేశమంతా ఒకటే తాళం. కొరత వస్తే అక్కడిది ఇక్కడికి వస్తుంది, అది మంచిదే. పడితే కలిసి పడతాము, అదీ నిజమే. ఉమ్మడి కుటుంబం లెక్క.

ఒక్క వల పడితే ఒక బాధ. రెండు వలలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటే ఇంకొక బాధ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద పడినప్పుడు మన బంధువులు అక్కడ ఉన్నోళ్లు చాలామంది ఆ సంగతి చెప్పినారు. స్తంభాలు పడి కరెంటు పోయింది. కరెంటు లేక సెల్ టవర్లు ఆగినాయి. టవరుకు డీజిల్ పోయాలంటే బంకులో పంపు నడవడానికి కరెంటు కావాల. లైన్‌మన్లను పిలవాలంటే ఫోను పలకాల. చెట్లు కొట్టి దోవ తీస్తే గానీ స్తంభాలు తెచ్చే లారీ రాదు. ఏ కొస పట్టుకున్నా ఇంకొక కొస అడుగుతుంది. అట్లాంటప్పుడు ఆసుపత్రికీ, నీళ్ల పంపులకూ ముందు కరెంటు ఇస్తారు. అది సానుభూతి కొద్దీ మాత్రమే కాదు, వాటి మీద ఆధారపడి లేచేవి ఎక్కువ కాబట్టి.

ఇప్పుడు మా మిల్లు కథ ఒకటి. ఏ మిల్లు అనేది అనవసరం, మీలో పెద్దోళ్లకు తెలుసు.

తొంభైల్లో మా మిల్లు పదకొండు నెలలు మూతపడింది. బాకీ జీతాల ఊసు ఇక్కడ ఎత్తను, ఎత్తితే ఈ పత్రిక పేజీలన్నీ చాలవు. పదకొండు నెలలకు తెరిచినారు. మిషన్లన్నీ నూనె వేసి, తుడిచి, బెల్టులు మార్చి, పెండ్లికూతుర్ల మాదిరి పెట్టినారు. కరెంటు కనెక్షన్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టి అన్ని ఖాతాలూ ఒకే రోజు నడిపించినారు. మూడు వారాలకు మళ్లీ ఆగింది. మిషన్లు బాగున్నాయి, ఏదీ చెడిపోలేదు. మరి ఎందుకు ఆగింది? సైడర్లు సగం మంది జీన్స్ కుట్టే పనులకు, గనుల పనులకు పోయినారు, మిల్లు మళ్లీ మూస్తారేమో అని రారు. మనుషులు లేక నూలు తక్కువ. నూలు తక్కువైతే పత్తి సేటు అప్పు ఇవ్వడు. పత్తి రాక కార్డింగ్ ఆగుతుంది. కార్డింగ్ ఆగిందని తెలిసి వచ్చిన నలుగురూ పోతారు. కిరాణా అంగడాయన కాలనీ వాళ్లకు ఖాతా రాయడు. ప్రతి ఒక్కరూ పక్కోడు లేస్తే లేద్దామని చూస్తా ఉన్నారు, అందరూ పండుకునే ఉన్నారు.

అప్పుడొక స్పిన్నింగ్ మాస్టరు వచ్చినాడు. తమిళాయన, మాట తక్కువ. ఆయన చేసింది ఏమంటే, తక్కిన మిల్లుకు తాళం వేసి ఒకే ఒక లైను పట్టుకున్నాడు. బ్లో రూం ఒకటి, కార్డింగ్ మిషన్లు ఎనిమిది, డ్రాయింగ్ రెండు, సింప్లెక్స్ ఒకటి, రింగ్ ఫ్రేములు నాలుగు, కొంచెం వైండింగ్. పత్తి బేలు నుంచి కోన్ దాకా సన్నటి దారం మాదిరి ఒక్క దోవ. నష్టమొచ్చినా సరే ఆ లైను మూడు షిఫ్టులూ ఆగకూడదు అన్నాడు. మూడు షిఫ్టులకు మనుషులు చాలక ఆఫీసు గుమాస్తాలతో కూడా బాబిన్లు మోయించినాడు. ఏడో తేదీన ఆ లైను వాళ్లందరికీ చేతిలో జీతం పెట్టినాడు. ఆ సాయంత్రం కాలనీలో నలభై ఇండ్లలో మసాలా వాసన వచ్చింది. మరుసటి సోమవారం గేటు కాడ వంద మంది నిలబడినారు. ఇంకొక లైను తెరిచినాడు. కిరాణా ఖాతా మళ్లీ తెరుచుకుంది. పత్తి సేటు కొడుకు స్కూటర్ మీద వచ్చి పోయినాడు. ఆరు నెలలకు మిల్లు మొత్తం నడిచింది. ఆ తర్వాత ఇంకొక పన్నెండేండ్లు మన పొయ్యిలు వెలిగినాయంటే ఆ నాలుగు ఫ్రేముల పుణ్యమే. మొండోడనీ, పిసినారి అనీ అప్పట్లో మాలో కొందరు ఆయనను తిట్టినారు, పక్క ఖాతాల వాళ్లకు పని ఇవ్వలేదని యూనియన్ ఆఫీసులో గొడవ కూడా అయింది. వాళ్ల కోపంలో తప్పు లేదు. ఆకలి తర్వాతి లైను దాకా ఆగదు.

ఈ కథ మా మనవరాలికి చెప్తే, ఆ పిల్ల ఇంజనీరింగు చదువుతా ఉంది, "తాతా, దీని మీద శాస్త్రవేత్తలు లెక్కలు కట్టినారు" అంది. ఇజ్రాయెల్‌లో బార్ ఇలాన్ విశ్వవిద్యాలయంలో బారుక్ బార్జెల్ అనే ఆయన, ఇంకొందరు కలిసి 2022 లో నేచర్ ఫిజిక్స్ అనే పత్రికలో రాసినారంట. ఆ పిల్ల నాకు అర్థమయ్యేట్టు చెప్పింది ఇది. వల ఒకటి పాడై పడిపోయింది. తెగిన ముడులన్నీ అతికినారు. అయినా వల లేవదు. ఎందుకంటే చచ్చిన ముడి చుట్టూ ఉన్నవి కూడా చచ్చినవే, ఒకదాన్నొకటి కిందికే లాగుతా ఉంటాయి. కాబట్టి పని రెండు అంచెలు: ముందు తగినన్ని ముడులు అతకాల, ఆ తర్వాత కొన్నిటిని, ఒక్కోసారి ఒక్కదాన్నే, బయటి నుంచి బలవంతంగా నడిపిస్తా పట్టుకోవాల. వల తగినంత దట్టంగా ఉంటే ఆ ఒక్కటి పక్కవాటిని, అవి వాటి పక్కవాటిని లేపుతాయి. పలచగా ఉంటే ఎంత పట్టుకున్నా ఆ ఒక్కటే నడుస్తుంది, తక్కినవి లేవవు. మన పేగుల్లో సూక్ష్మజీవుల మీద, ఒంట్లోని కణాల లోపలి ఏర్పాట్ల మీద కూడా ఈ లెక్క సరిపోతుందా అని చూసినారంట.

నేను ఆ పిల్లను ఒకటే అడిగినాను: ఆ ముడిని ఎంతసేపు పట్టుకోవాల? పక్కవి లేచేదాకా అంది. మా మాస్టరు కూడా అదే చేసినాడు. చాలా చోట్ల ఇక్కడే చెడుతుంది. మూతపడిన ఫ్యాక్టరీలకు ప్రభుత్వం ఒకసారి డబ్బు ఇచ్చి, రిబ్బన్ కత్తిరించి, పోతుంది. ముడి పట్టుకునే చెయ్యి వెంటనే వదిలేస్తుంది.

మళ్లీ డ్యాం కాడికి వస్తాను. గేటు పోయినప్పుడు మామూలు దోవ ఏమంటే, గేటు అడుగు మట్టం దాకా నీళ్లు వదిలేసి కొత్త గేటు పెట్టడం. మన డ్యాం నిండు మట్టం 1633 అడుగులు, గేట్ల అడుగు 1613. పూడిక పోను డ్యాంలో పట్టేది సుమారు 105 టి.ఎం.సి. ఆ ఇరవై అడుగులు ఖాళీ చేయడమంటే అందులో సగానికి పైగా నది పాలు. ఒత్తిడి తగ్గించడానికి తక్కిన గేట్లు కూడా తెరిచి లక్ష క్యూసెక్కుల దాకా వదిలినారు. లక్ష క్యూసెక్కులు ఒక రోజు పోతే ఎనిమిదిన్నర టి.ఎం.సి. పోయినట్టు, లెక్క వేసుకోండి. బాగున్న గేట్లు కూడా తెరవాల్సి రావడం మన కండ్లకు అన్యాయంగా కనపడింది. గ్రిడ్‌లో కూడా ఇట్లనే చేస్తారు, మొత్తం పడకుండా కొన్ని ఊర్లకు కరెంటు తీసేస్తారు. ఆ తీసేసేది ఎప్పుడూ పల్లెలకే ముందు ఎందుకు అనేది మాత్రం అడగాల్సిన ప్రశ్న.

ఆ వారంలో కన్నయ్య నాయుడు గారు అనే గేట్ల నిపుణుణ్ని పిలిచినారు. డెబ్బై దాటిన మనిషి. ఒక్క పెద్ద గేటుకు బదులు దాన్ని నాలుగేసి అడుగుల ఎత్తున ఐదు పలకలుగా చేసి, నీళ్లు పారుతా ఉండగానే ఒకదాని మీద ఒకటి క్రేన్లతో దించుదామని తీర్మానించినారు. స్టాప్ లాగ్ అంటారు దాన్ని. హొసపేటలోని ఇంజనీరింగు షాపుల్లో, తోరణగల్లు జిందాల్‌లో పలకలు తయారైనాయి. ఆగస్టు 16 సాయంత్రం మొదటి పలక కూర్చుంది. మొదటిది కూర్చోవడమే కష్టం, దాని మీద నీళ్ల తోపు అంతా ఉంటుంది. అది నిలబడినాక తక్కినవి మరుసటి రోజు రాత్రికల్లా దిగినాయి. డ్యాంలో సుమారు 70 టి.ఎం.సి. మిగిలింది. ఆ తర్వాత వానలు పడి మళ్లీ నీళ్లు చేరినాయి, పంట చేతికొచ్చింది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. డ్యాం గేట్లు తయారు చేయడానికే హొసపేటలో తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ అని ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీ 1960 లో పుట్టింది. దేశంలో ఎన్నో డ్యాంలకు గేట్లు అక్కడివే. నష్టాలని చెప్పి 2015 లో దాన్ని మూసేయడానికి కేంద్రం ఒప్పుకుంది. కన్నయ్య నాయుడు గారు ఆ ఫ్యాక్టరీలో పని చేసిన మనిషి. ఫ్యాక్టరీ పోయినా పని తెలిసిన మనిషి మిగిలినాడు కాబట్టి సరిపోయింది. చైను చూసే ఫిట్టరు, గ్రీజు పెట్టే హెల్పరు, గేటు చప్పుడు విని ఏదో తేడా ఉందని చెప్పగలిగే మనిషి, వీళ్లు రిటైరై పోతే వాళ్ల చోట ఎవరున్నారు? మన మిల్లులో కూడా చప్పుడు విని బేరింగు పోతా ఉందని చెప్పే జాబర్లు ఉండేవాళ్లు.

నీళ్లు నిలిచినంత మాత్రాన కాలువ నడిచినట్టు కాదు. ఖాళీ అయిన కాలువలోకి ఒక్కసారిగా నీళ్లు తోస్తే కట్టలు తెగుతాయి. అందుకని కొంచెం కొంచెంగా పెంచుకుంటా పోతారు. ఎల్.ఎల్.సి. మన పక్క నుంచి ఆదోని, కర్నూలు వైపు పోతుంది, హెచ్.ఎల్.సి. అనంతపురం వైపు పోతుంది. దోవలో తూములు ఎన్నో. మొదటి తూముల వాళ్లు నిండా తీసుకున్నాకనే కొస వాళ్లకు. కొసన ఉన్న ఆయకట్టుకు నీళ్లు చేరేది అందరికంటే ఆలస్యం, తగ్గించేటప్పుడు ఆగేది అందరికంటే ముందు. మన కాలనీల్లో సగం మంది పుట్టిన ఊర్లు ఆ కొసల్లోనే ఉన్నాయి.

పాత గేట్లన్నీ బలహీనపడినాయని నిపుణులు చెప్పినాక 2025 లో డ్యాంలో 80 టి.ఎం.సి. కంటే ఎక్కువ నిలపకూడదని తీర్మానించినారు. గేట్లు మార్చే పని కోసం రెండో పంటకు నీళ్లు ఇవ్వమన్నారు. మార్చాల్సిందే, 1953 నాటి డ్యాం అది. కానీ రెండో పంట లేదంటే రైతుకు ఒక్కడికే కాదు నష్టం. వరి కోతకు పోయే మన ఆడోళ్లకు కూలి లేదు, రైస్ మిల్లులో హమాలీకి మూట లేదు, ఆటోకు బాడుగ లేదు. మిషను రిపేరుకు ఆపినప్పుడు ఆ ఖాతా మనుషులకు లే ఆఫ్ కింద సగం జీతం ఇచ్చే పద్ధతి మిల్లుల్లో ఉండేది. కాలువ ఆపినప్పుడు కూలోళ్లకు అట్లాంటిది ఒకటి ఉండాలని నా అభిప్రాయం. మన సంఘం వాళ్లు దీని మీద అర్జీ రాస్తే నేను వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను.

చివరగా మన ఇంటి సంగతి. వేసవిలో కరెంటు పోయి వచ్చినప్పుడు మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు నిమిషంలో మళ్లీ ఎగురుతా ఉంది. లైన్‌మన్ను తిట్టుకుంటాము. కరెంటు పోయినప్పుడు ప్రతి ఇంట్లో నీళ్ల మోటారు, ఫ్రిజ్, కూలర్, మిక్సీ ఏది నడుస్తా ఉందో అది స్విచ్చి వేసే ఉంటుంది. వచ్చిన క్షణంలో వీధి వీధంతా ఒక్కసారి లాగుతుంది. కాబట్టి కరెంటు పోగానే మోటారు, కూలర్, ఫ్రిజ్ స్విచ్చిలు తీసేయండి. ఒక్క బల్బు మాత్రం వేసి ఉంచండి, కరెంటు వచ్చింది తెలియడానికి. బల్బు వెలిగి ఐదు నిమిషాలు నిలబడితే ఫ్యాన్లు, ఇంకొంచెం ఆగి ఫ్రిజ్, ఆఖరున నీళ్ల మోటారు. మోటార్లు ఉన్నోళ్లు సరి సంఖ్య ఇండ్లు ముందు, బేసి సంఖ్య ఇండ్లు పావుగంట తర్వాత వేసుకోవచ్చు. ఈ మాట మూడో వీధి వాళ్లతో ఇప్పటికే అనుకున్నాము, మొదటి రెండు వీధుల వాళ్లు వచ్చే ఆదివారం మీటింగులో చెప్పండి.